కొవ్వూరు నుంచి వచ్చిన "లేదండి"

గోదావరి జిల్లాలకు వెళ్లొచ్చినవాళ్లు పాపికొండల గురించి రాస్తారు, లేకపోతే పూతరేకుల గురించి రాస్తారు. నేను వెళ్లింది పిల్లల్ని లెక్కపెట్టడానికి. ఒకరా ఇద్దరా అన్నది తేల్చాలి. రెండు దాకా లెక్కపెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి కదా, వేళ్లతో తేల్చేయలేను.

విశాఖలో మా ల్యాబుకి చిన్న చిన్న ట్యూబులు వస్తాయి. పుట్టి వారమైనా కాని పసిపిల్లలకు మెదడు పొరల వాపు వస్తే, డాక్టర్లు వెన్ను నుంచి కాస్త నీరు తీసి పరీక్షకు పంపుతారు. అందులో పెరిగిన బాక్టీరియా చివరికి మా దగ్గరికి చేరుతుంది. దాని జన్యువుల్లో ఏడింటిని చదివి, ఒక్కోదానికి ఒక అంకె ఇస్తాం. ఆ ఏడంకెల వరుస దాని ఇంటిపేరు అనుకోండి. ఇద్దరు పిల్లల్లో దొరికిన బాక్టీరియాకి ఒకే ఇంటిపేరు ఉంటే, ఒకరి నుంచి ఒకరికి పాకిందేమోనని అనుమానించాలి. ఆసుపత్రిలో ఎవరి చేతులు, ఏ గొట్టాలు, ఏ ఉయ్యాల అని వెతకాలి. పని మంచిదే.

కిందటేడు ఒక్క రోజు తేడాతో తీసిన రెండు ట్యూబులు వచ్చాయి. కొవ్వూరులోని ఒక నర్సింగ్ హోమ్ నుంచి వచ్చినదాని మీద "బేబీ ఆఫ్ పి. నాగమణి" అని ఉంది. ఏటికి ఇవతల రాజమహేంద్రవరంలోని ఒక పెద్దాసుపత్రి నుంచి వచ్చినదాని మీద "బేబీ ఆఫ్ కె. నాగమణి" అని ఉంది. పసిగుడ్డుకి అప్పటికి పేరుండదు కాబట్టి చీటీ మీద తల్లి పేరే రాస్తారు. ఏడంకెలూ కలిశాయి. మొత్తం జన్యురాశి చదివినా రెండింటికీ ఒక్క అక్షరం తేడా రాలేదు. పైగా రెండు ఆసుపత్రుల కాగితాల మీదా ఒకే నర్సు సంతకం ఉంది.

ఈ జబ్బు నుంచి బయటపడ్డ పిల్లల్లో కొందరికి వినికిడి పోతుంది. అందుకని మూడో నెలలో ఫోన్ చేసి, చెవుల పరీక్షకు రమ్మని పిలుస్తాం. పెద్దాసుపత్రి చీటీ మీద నంబరు లేదు. కొవ్వూరు నంబరుకి నేనే ఫోన్ చేశాను. ఒక పెద్దాయన ఎత్తారు. పాప గురించి అడిగితే చాలా మెత్తగా, "పాప లేదండి" అన్నారు. సారీ అండి అని ఫోన్ పెట్టేశాను. రిజిస్టరులో "మరణం" అని రాశాను.

తర్వాత రెండు ఆసుపత్రులవాళ్లూ చేరిన ఆన్‌లైన్ మీటింగులో నా రిపోర్టు చదివాను. ఇద్దరు పిల్లలు, ఒకే రకం బాక్టీరియా, ఒక మరణం, రెండు చోట్లా కనబడ్డ ఒక నర్సు. పేర్లు బయటపెట్టకూడదన్నది మా నియమం. అక్కడితో ఆపినా బాగుండేది. "బాక్టీరియాకి బ్రిడ్జి దాటడం రాదు కదండీ, ఎవరో చేయి పట్టుకుని దాటించారు" అన్నాను. తెర మీద గళ్లన్నీ నవ్వాయి. నాకు బాగా నచ్చిన మీటింగు అది.

మొన్న శ్రావణమాసంలో, ఆఖరి రిపోర్టుకి పుట్టిన వేళ, బరువు గడులు నింపుతుంటే, ఇద్దరు పిల్లలూ తెల్లవారి నాలుగూ ఇరవైకే పుట్టినట్టు కనబడింది. ఇద్దరి బరువూ రెండు కిలోల ఆరు వందలే. మా ల్యాబు హెడ్ మేడమ్ ఆ కాగితం చాలాసేపు చూశారు.

"ఒక్క అక్షరం కూడా తేడా లేనప్పుడే నీకు అనుమానం రావాలయ్యా," అన్నారు. "ఇది ఒకే పాపేమో. అలా అయితే, కొవ్వూరు పాప పోయిందని రాశావు. రాజమండ్రి పాప నయమై ఇంటికెళ్లిందని ఆసుపత్రి రాసింది. పాప ఉందా, లేదా? ఆ నర్సు సంగతేంటి? వెళ్లి చూసి రా."

రాజమహేంద్రవరం: ఖాళీ పెట్టె

ఆసుపత్రి దగ్గర మిగిలిన ట్యూబు ఉంటే తెమ్మని మేడమ్ ఒక నీలం రంగు ఐసు పెట్టె ఇచ్చారు. వరద నీరు వచ్చి, పులస చేప దొరికే రోజుల్లో గోదావరి వైపు ఐసు పెట్టెతో వెళ్లడమంటే ఏమిటో అనంతపురంవాణ్ణి, నాకేం తెలుసు? రైల్లో ఎదురు సీటు పెద్దావిడ పెట్టెని చూసి సర్దుకుని కూర్చున్నారు.

"పులసకేనా బాబూ? ఎంత పెట్టి కొంటావేంటి?"

"కాదండీ, ఆసుపత్రి పనండి. ఖాళీ పెట్టె."

"చెప్పకూడదంటే చెప్పొద్దులే. మేమేమైనా ముక్క పెట్టమంటామా ఏంటి?"

సామర్లకోట వచ్చేసరికి బోగీ సగం నన్ను పిసినారి కింద జమకట్టింది. "వండేటప్పుడు బెండకాయ వెయ్యడం మర్చిపోకు" అని ఒకాయన దిగుతూ చెప్పి వెళ్లారు.

స్టేషను బయట పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు. మా వైపు బొరుగుల ఉగ్గానికి మిరపకాయ బజ్జీ ఎలాగో, ఇక్కడ పెసరట్టుకి ఉప్మా అలాగ. ఒకటి లేకుండా రెండోది అడిగితే సర్వరు మన ఆరోగ్యం కనుక్కుంటాడు. అల్లం పచ్చడిలో బెల్లం ఉంది. మాటలో "అండి" లాగే, ఇక్కడ కారంలో కూడా కాస్త తీపి కలుపుతారు. ఆటోకి అడ్డమొచ్చినవాణ్ణి డ్రైవరు "మీకు కళ్లు లేవాండీ" అని తిట్టాడు. మా ఊళ్లో ఆ గౌరవం కలెక్టరుకి కూడా దక్కదు.

పెద్దాసుపత్రి ల్యాబులో శ్రీనివాస్ గారని నలభై ఏళ్ల టెక్నీషియన్ ఉన్నారు. ట్యూబు ఎప్పుడో పారేశారట. కానీ ఓపిగ్గా ఫైలు వెతికి తీశారు. మాకు స్కాన్ చేసి పంపింది పేజీలో కింది సగమే. పై సగం నేను చూడటం అదే మొదటిసారి. నర్సు సంతకానికి పైన, గడి మీద అచ్చులో "తీసుకొచ్చినవారు" అని ఉంది.

"అంటే ఈ నర్సు ఇక్కడ పనిచెయ్యలేదాండీ?"

"లేదండి. కొవ్వూరు నర్సింగ్ హోమ్ ఆవిడ. పాపని అంబులెన్సులో తీసుకొచ్చి అప్పజెప్పి, సంతకం పెట్టి వెళ్లిపోయారు." ఆయన సంతకం దగ్గరగా చూసి నవ్వారు. "ఓ, ఈవిడా! చేయి పట్టుకుని దాటించిన ఆవిడండి."

నేను ఫైలు మీదికి వంగాను.

"మీకు తెలీదా? మీ మీటింగులోనే ఎవరో భలే అన్నారంటండి. ఇక్కడ అందరూ ఆ పేరే. అసలు పేరు సువార్తో ఏదో ఉండాలి. పాపం, తర్వాత తీసేశారనుకుంటానండి."

"భలే అన్నది ఎవరండీ?" అని అడిగాను, ఆయనకి నా పేరు తెలిసిపోయిందేమోనని.

"ఎవరో కుర్రాడటండి. తెలివైనవాడే."

ఫైల్లో తండ్రి సంతకం ఉండాల్సిన చోట "కంచర్ల సూర్యనారాయణ, నాగమణి తండ్రి, జంగారెడ్డిగూడెం" అని ఉంది. కె. అంటే కంచర్ల. పుట్టింటివారు. కొవ్వూరు చీటీ మీది పి. అత్తింటివారిదై ఉండాలి. మా మేడమ్ అనుమానం ముప్పాతిక నిజమైంది. మిగిలిన పాతిక, పాప.

కొవ్వూరు: పెద్దాయన మాట

మర్నాడు రోడ్డు కం రైలు వంతెన మీద బస్సులో వెళ్లాను. కింద నీళ్లు ఎర్రగా, తొందరగా పోతున్నాయి. పైన బస్సు వెళ్లడం లేదు. ముందు లారీ ఏదో ఆగిపోయింది. మామూలుగా అయితే కండక్టరుతో ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణి. ఆ వంతెన మీద ఒక అంబులెన్సు ఇలాగే ఆగి ఉంటే ఎలా ఉండేదో అని ఆలోచన వచ్చింది. నిజంగానే ఆగిందని తర్వాతి రోజు తెలిసింది.

నర్సింగ్ హోమ్ రిసెప్షన్లో సువార్త గారి గురించి అడిగాను.

"మానేశారండి," అంది కౌంటరులో అమ్మాయి.

"మానేశారా, మాన్పించారా అండీ?"

"మానేశారండి," అంది మళ్లీ అంతే మర్యాదగా. ఆ మర్యాదలోంచి ఒక్క అక్షరం బయటికి లాగడం నా వల్ల కాలేదు.

చీటీ మీది చిరునామా ఒక కిరాణా కొట్టు. గల్లాలో డెబ్బై ఏళ్ల పోలిశెట్టి వెంకటరత్నం గారు కూర్చుని ఉన్నారు. పప్పు బేరంలో ఉన్నవారు నోరు విప్పగానే గుర్తుపట్టాను. పది నెలల కిందట ఫోన్లో విన్న ఆ మెత్తటి గొంతు. విశాఖ నుంచి వచ్చానని, కిందటేడు నేనే ఫోన్ చేశానని చెప్పాను.

"ఓహో, ఆ సారీ కుర్రాడివి నువ్వేనా!" అన్నారాయన. "నిన్నెప్పుడైనా చూస్తే అడుగుదామనుకున్నాను. పాప లేదండి అన్నాను, జంగారెడ్డిగూడెంలో అమ్మమ్మ గారింట ఉందండి అని చెప్పబోతుంటే సారీ అని పెట్టేశావు. మనవరాలు అమ్మమ్మ దగ్గరికెళ్తే సారీ ఎందుకయ్యా?"

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. మా అనంతపురంలో అయితే "లేదప్పా, ఊరికి పోయినాది" అని ఒక్క గుక్కలో అరిచి చెప్పేస్తారు. ఈయన "లేదండి" అని, ఎదుటివాడికి తీరిక ఉందేమో చూసి, మిగతాది చెప్తారు. ఆ మెత్తదనాన్ని నేను దుఃఖం అనుకున్నాను. ఆయన అసలు గొంతే అది. ఇందాక మినప్పప్పు ధర కూడా అదే గొంతుతో చెప్పారు.

"పాప బాగుందాండీ?"

"బాగుందండి. అడుగులేస్తోంది. పేరు తన్విక." అర్థమేంటని అడిగితే, "గూగుల్లో ఉందటండి," అన్నారు.

ఇంటిపేర్ల చిక్కుముడి ఆయనే విప్పారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. నాగమణి జంగారెడ్డిగూడెం బయల్దేరకముందే నొప్పులొచ్చాయి. ఇక్కడే నర్సింగ్ హోమ్‌లో చేర్పించి, ఈయన పేరు చెప్పారు కాబట్టి పి. అయింది. పాపకి బాగోలేక ఏరు దాటించేసరికి వియ్యంకుడు వచ్చేశారు. "తొలి కాన్పు మాదండీ, సంతకం నేనే పెడతాను" అని పట్టుబట్టి పెట్టేశారు. కె. అయింది.

"అంటే ఒక్క పాపేనండీ?"

"ఏంటండీ ఆ ప్రశ్న? ఇద్దరైతే మాకు తెలీదా?"

ఆయనకి తెలుసు. తెలియనివాడు నేనొక్కణ్ణే. మర్యాదగల రెండు కుటుంబాలు చెరొక ఇంటిపేరు రాస్తే, నేను ఒక పాపని ఇద్దర్ని చేశాను. తర్వాత అందులో ఒకరిని చంపేశాను. ఆ నింద ఒక నర్సు చేతుల మీద పెట్టాను. ఇవన్నీ చేసింది కుర్చీలోంచి లేవకుండానే.

పాప బతికే ఉందన్న సంతోషంతో బస్టాండు దాకా దాదాపు పరిగెత్తాను. మరణం అని రాశాక మా ఆఫీసు నుంచి ఆ పాపకి మళ్లీ ఫోన్ వెళ్లలేదన్న సంగతి దేవరపల్లి దాటాక గాని నాకు తట్టలేదు.

జంగారెడ్డిగూడెం: శనగలు

దేవరపల్లి దాటాక వరి తగ్గి, పామాయిల్ తోటలు మొదలవుతాయి. ఒక్కో చెట్టూ తల దువ్వుకోకుండా స్కూలుకొచ్చిన పిల్లాడిలా ఉంటుంది. ఆ రాత్రి లాడ్జిలో మంచం మీద నేను పడుకున్నాను, కుర్చీ మీద ఐసు పెట్టె పడుకుంది. ఇద్దరం ఖాళీయే. లాడ్జి కుర్చీకి మేకు ఉండటంతో పొద్దున్న ఉన్న ఒక్క ప్యాంటూ చిరిగింది. చొక్కా బయటికి లాగి ఆ చిరుగు కప్పుకుని కంచర్లవారింటికి వెళ్లాను.

అది శ్రావణ శుక్రవారం. గుమ్మానికి పసుపు, లోపల పేరంటాళ్లు. సూర్యనారాయణ గారు నన్ను వసారాలో కూర్చోబెట్టి, తాంబూలంలో ఇచ్చే నానబెట్టిన శనగలు గుప్పెడు నా చేతిలో పోశారు. మా వైపు మగాళ్లకి ఇవి దక్కాలంటే ఎవరైనా పొరపాటు పడాలి.

నాగమణికి ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. పాపని ఎత్తుకుని వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. పాప నా చేతిలో శనగల్ని చూసింది. నేను నోటితో పిట్టలా ఒక కూత వేశాను. పిల్లల దగ్గర ఎప్పుడూ పనిచేసే కూత. పాప శనగల్నే చూస్తోంది.

"అటు వైపు నుంచి వినబడదండి," అంది నాగమణి. "కుడి చెవికి వినికిడి పూర్తిగా లేదు. ఎడమదానికి కొంచెం ఉంది. వచ్చే నెల మిషను పెడతారట."

"ఎప్పుడు తెలిసిందండీ?"

"పదకొండో నెలలో. కుక్కరు కూత పెట్టినా ఉలిక్కిపడేది కాదు. బుద్ధిమంతురాలు అనుకున్నాం." నవ్వబోయి ఆగింది. "ముందే పట్టుకుంటే మాటలు తొందరగా వచ్చేవన్నారు డాక్టరు గారు. మూడో నెలలో పరీక్ష చేస్తారట కదండీ. మమ్మల్ని ఎవరూ పిలవలేదు."

పిలిచినవాడు, పిలవడం ఆపేసినవాడు ఎదురుగా శనగలు పట్టుకుని కూర్చున్నాడు. చెప్పాను. లేదండి అన్న మాట, సారీ, రిజిస్టరు, అన్నీ వరసగా చెప్పాను. మధ్యలో ఒక చోట నవ్వొచ్చేలా చెప్పబోయాను, అలవాటు కొద్దీ. ఆమె మొహం చూసి ఆపేశాను.

ఆమె పాప జుట్టు సవరించింది. తర్వాత అడిగింది. "ఆ పురుగు నా దగ్గర్నుంచే వచ్చిందాండీ?"

"బహుశా అండి. చాలామంది ఆడవాళ్ల ఒంట్లో ఉంటుంది. వాళ్లకి ఏమీ చెయ్యదు, ఉన్నట్టు కూడా తెలీదు. మీరు చేసిన తప్పు కాదండి."

"అత్తారింట్లో పాలు పడలేదన్నారు. మా అమ్మ దిష్టి అంది. మీరేమో నర్సన్నారట." గొంతు పెంచకుండానే అంది. "ఆవిడే కదండీ పాపని బతికించింది. బ్రిడ్జి మీద లారీ అడ్డం పడి ఆగిపోతే, పాప ఊపిరి అందక నీలంగా అయిపోయింది. ఆవిడ గాలి సంచీ నొక్కుతూనే ఉన్నారు. చెయ్యి మార్చుకోలేదు. ఇప్పటికీ నెలనెలా ఫోన్ చేస్తారు. కుక్కరు సంగతి వినగానే చెవుల పరీక్ష చేయించమని గట్టిగా చెప్పింది కూడా ఆవిడే."

చేయి పట్టుకుని దాటించారు అని నేనన్నది అక్షరాలా నిజమే. దాటించింది పాపని.

వస్తుంటే సువార్త గారి నంబరు ఇచ్చింది. ఐసు పెట్టె చూసి సూర్యనారాయణ గారు, "పులసాండీ?" అన్నారు. అవునండి అన్నాను. వాదించే ఓపిక లేదు.

మళ్లీ రాజమహేంద్రవరం: పేరు లేని కాగితం

ఫోన్లో అంతా విని, మా మేడమ్ రాత్రే నాకు సవరణ లేఖ పంపారు. నేను బస్టాండు పక్క జెరాక్సు కొట్లో ప్రింటు తీసుకున్నాను. "ఇద్దరు కాదు, ఒకే శిశువు. మరణం సంభవించలేదు. వ్యాప్తి జరిగిందనడానికి ఆధారం లేదు. ఒక నర్సు విషయంలో చేసిన వ్యాఖ్యను ఉపసంహరించుకుంటున్నాం." రెండు ఆసుపత్రులకీ పంపుతారు. చదువుతుంటే నాకే ముచ్చటేసింది.

సువార్త గారు ఇప్పుడు గోదావరి గట్టు దగ్గర ఒకరింట్లో మంచాన పడ్డ పెద్దావిడని చూసుకుంటున్నారు. పెద్దావిడ మధ్యాహ్నం నిద్రపోయే అరగంటలో వస్తానన్నారు. రెండు గ్లాసుల రోజ్ మిల్క్ కొని ఘాటు మెట్ల మీద కూర్చున్నాను. గ్లాసు నలభై. గులాబీ రంగు రోజ్ మిల్క్ చేతిలో పట్టుకుని క్షమాపణ చెప్పడం కష్టమని తీసుకున్నాక తెలిసింది.

నలభై ఐదేళ్లావిడ. వచ్చి, గ్లాసు తీసుకుని, ముందు తాగారు. నేను మొత్తం చెప్పాను. ఆ మాట అన్నది నేనేనని కూడా చెప్పాను.

"మీరేనా," అన్నారు. "నలభై దాటినాయన అనుకున్నానండి. అంత నమ్మకంగా అన్నారని విన్నాను."

లేఖ ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఇందులో నా పేరు ఎక్కడా లేదండి."

"మొదటి రిపోర్టులో కూడా రాయలేదండీ. మీ గౌరవం కోసం..."

"అప్పుడు ఒక నర్సు అంటే సరిపోయిందండి. కొవ్వూర్లో పాలబ్బాయి దాకా అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు కూడా ఒక నర్సు అంటే ఎవరికి తెలుస్తుంది? తప్పు రాసినప్పుడు అక్కర్లేకపోయింది గాని, ఒప్పు రాసేటప్పుడు పేరు ఉండాలండి."

ఆమె అన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు. మేడమ్‌కి ఫోన్ చేశాను. పేరుతో మళ్లీ పంపుతాను, పూర్తి పేరు కనుక్కో అన్నారు.

"ఇంటిపేరు ఏది రాయమంటారండీ? పుట్టింటిదా, అత్తింటిదా?"

సువార్త గారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "రెండూ రాయండి. పక్కన 'ఒక్కరే' అని కూడా రాయండి. మళ్లీ ఇద్దర్ని చేస్తారు, ఒకరిని చంపేస్తారు."

నా జన్మలో నా మీద పడ్డ జోకుల్లో అంత న్యాయమైనది లేదు. నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఈ ఉత్తరం అందాక మిమ్మల్ని వెనక్కి పిలుస్తారండి. నేనే వెళ్లి మాట్లాడతాను. మళ్లీ డ్యూటీలో చేరతారు కదా?"

"లేదండి."

అదే మెత్తటి "లేదండి." పోయినసారి సారీ చెప్పి పెట్టేశాను. ఈసారి పెట్టేయడానికి చేతిలో ఉన్నది రోజ్ మిల్క్ గ్లాసు.

"లేదండి అంటే... ఇప్పుడు లేదనా అండీ, ఇక లేదనా?"

ఆవిడ ఏటి వైపు చూశారు. అవతలి ఒడ్డున కొవ్వూరు కనబడుతోంది.

"ఇక లేదనేనండి. ఇరవై ఏళ్లు పిల్లల్ని ఎత్తుకున్నాను. ఇప్పుడు ఏ పాపని ముట్టుకున్నా తల్లి నా చేతుల వంక చూస్తుందేమో అనిపిస్తుంది. పెద్దావిడైతే చూడదు." గ్లాసు పక్కన పెట్టి లేచారు. "ఆవిడ లేచే వేళైందండి, వెళ్తాను."

అడిగాను, చెప్పారు. ఆ రోజు ఫోన్లో పెద్దాయనైనా అడిగితే చెప్పేవారే.